అరవై ఆంపులు

ఆదోనిలో నూలుమిల్లు వెనక రేకుల షెడ్డు.
బోర్డు లేదు. తెగిన ఫ్యాన్‌బెల్టు ఒకటి వేలాడతా ఉంటే
అదే ఖలందర్ అంగడి.

ఎనభై రెండు మోడల్ జీపు నాది.
ఇంజను గురించి ఒక్క మాట అననీయను.
పత్తికొండ నుంచి ఆస్పరి మీదుగా ఆదోనికి
పద్నాలుగు మందిని, నాలుగు టమాటా గంపల్ని,
ఒక్కోసారి ఒక పొట్టేలును
యాడా దింపకుండా మోసింది.
చూపే మందగించింది.
గేటు పడి ఆగితే చాలు,
హెడ్‌లైట్లు ఎండిన నిమ్మకాయ రంగుకు దిగుతాయి.
హారను కొడితే
జలుబు చేసిన మేక మాదిరి దగ్గుతాది.

"డైనమో గదక్కా," అన్న్యాడు ఖలందర్.
"ఇరవై రెండు ఆంపులు. అదీ పరిగెత్తితేనే.
నిలబడితే అణా కూడా ఇయ్యదు.
ఆ కాలంలో జీపుకేముండె ఖర్చు?
రెండు లైట్లు, ఒక హారను."

ఇప్పటి ఖర్చు విను అన్న్యా.
తొలకరి పడితే జొన్నగిరి చేలల్లో
రాళ్లు ఏరుకునేటోళ్లు ఎక్కుతారు.
వజ్రం దొరికినా దొరక్కపోయినా
సాయంత్రానికి అందరి ఫోన్లూ చచ్చిపోయి ఉంటాయి.
ఒక్క పాయింటు కోసం ఇద్దరు కొట్టుకున్న్యారు మొన్న.
నేనే పెట్టించినా, ఏడు పాయింట్లు.
డబ్బులు తీసుకోను.
కాన్పుకు పోయిన బిడ్డ ఫోను చేస్తాదేమోనని
సీటు అంచున కూర్చున్న ఆమె దగ్గర
ఏమని తీసుకుంటా?

తుక్కుకు పోయిన సుమోలో ఆల్టర్నేటరు
గోనెసంచిలో దాచిపెట్టినాడంట.
కాయిలు చుట్టించి, బేరింగులు మార్చి.
అరవై ఆంపులు.
చేతిలో పట్టుకుంటే గుమ్మడికాయ బరువు లేదు.

ఒకరి సొమ్ము ఇంకొకరి ఒంటికి ఊరికే ఎక్కదు.
బ్రాకెట్టు కుదర్లేదు. లేతు కాడికి పోయి
పట్టీ కోయించి, చెవి అతికించి తెచ్చినా
పుల్లీ పుల్లీ మొగాలు చూసుకోలే.
దారం పట్టి చూస్తే గోరంత వార.
రెండు వాషర్లు. ఇంకొకటి.
"బెల్టు వంకర నడిస్తే తనను తానే తింటాది."
ఉగ్గాని, బజ్జీ తెప్పిస్తే
బజ్జీ మాత్రం తిన్న్యాడు,
గ్రీజు చేతులతో, కాగితం అడ్డం పెట్టుకొని.

అయిపోయింది గదా, తాళమియ్యి అన్న్యా.
తల ఎత్తలే.
"తీగ మార్చాల."
పాతది పీకి చూపించినాడు,
పైతోలు పెళుసెక్కి, లోపల రాగి నల్లబడి.
"ఇరవైకి పుట్టింది ఇది. అరవై పంపిస్తే
కాలేది ఆల్టర్నేటరు కాదక్కా,
మధ్యలో మోసేది."

పత్తి యార్డులో బేలు మీద బేలు ఎత్తించుకొని
నడుము పోగొట్టుకున్న తిక్కయ్య మామ
ఎందుకో కండ్ల ముందరికొచ్చె.
ఎంతైతే అంతైతాది, లావుది వెయ్యి అన్న్యా.

ఆఖర్న మీటరు కాడ పేచీ.
డ్యాష్‌బోర్డు నడుమ ఆంపుల ముల్లు.
ఎడమకు వాలితే అప్పు, కుడికి వాలితే జమ.
ఇరవై యేండ్లు దాని మొగం చూసే బండి నడిపినా.
"ఇంత కరెంటు దీంట్లో పోనీయగూడదు.
పక్కనుంచి తిప్పినా. తీసేస్తా."
వద్దు, ఉండనీ అన్న్యా.

రాత్రి ఆస్పరి గేటు పడింది.
గూడ్సు బండి పోతానే ఉండాది, పోతానే ఉండాది.
ఇంజను మెల్లగా గొణుగుతాంది.
లైట్లు తగ్గలే.
పట్టాల అవతల లారీవాడు
కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని తిట్టినాడు.
వెలుతురు ఎక్కువైందని నన్నొకరు తిట్టడం
ఇదే మొదలు.
వెనక సీట్లో ఏడు ఫోన్లు, ఏడు పచ్చని చుక్కలు.
ఒకటి మోగింది. ఎవరిదో చూసుకునే లోపల
రెండోది మోగింది.

ముల్లు మాత్రం నడిమధ్యలో నిలబడి ఉండాది,
అప్పూ చూపదు, జమా చూపదు.
అలవాటు కొద్దీ చూస్తానే ఉండా.